అత్తగారి మోకాళ్ళు, నాలుగేళ్ళ పాప, నాలుగు రోజుల సముద్రం

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఉంటాం. పిల్లలు ఇంతవరకు సముద్రం చూడలేదు. బాబుకి పదకొండేళ్ళు, పాపకి నాలుగు. మా అత్తగారికి అరవై ఏడు, మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేరు. నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్దామనుకుంటున్నాం. రైల్లో వైజాగ్ వెళ్ళి అరకు కూడా చూసొద్దామని నా ఆశ. కారులో సూర్యలంక చాలంటారు మా వారు. మే సెలవుల్లో వెళ్ళాలా, జనవరిలోనా? పిల్లల్ని నీళ్ళలోకి దింపొచ్చా? హోటలు బీచికి ఎదురుగానే ఉండాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: వైజాగే వెళ్ళండి, జనవరిలో వెళ్ళండి, అరకు ఈసారికి వదిలేయండి. ఎందుకో చెబుతాం.

సముద్రం దగ్గర రోజుకి నాలుగు గంటలే పనికొస్తాయి: పొద్దున రెండు, సాయంత్రం రెండు. మధ్యలో ఎనిమిది గంటలు ఇసుక కాలుతుంది, ఎండ నెత్తిన ఉంటుంది. కాబట్టి ఊరిని ఎంచుకునేటప్పుడు బీచి ఎంత అందంగా ఉందని కాదు, ఆ ఎనిమిది గంటలు ముసలావిడకీ పసిపిల్లకీ ఎలా గడుస్తాయని చూసుకోవాలి. సూర్యలంక చక్కటి బీచి. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు, విశాలమైన ఇసుక. హైదరాబాదు నుంచి మూడొందల పైచిలుకు కిలోమీటర్లు కాబట్టి పొద్దున బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి చేరతారు. భార్యాభర్తలు ఇద్దరే ఓ శని, ఆదివారాలు గడపడానికి అంతకంటే మంచి చోటు అక్కర్లేదు. కానీ అక్కడ ఉన్నది సముద్రం ఒక్కటే. రెండో రోజు మధ్యాహ్నానికే పిల్లలు గదిలో విసిగిపోతారు. కార్తీక మాసంలో, ముఖ్యంగా పౌర్ణమికి, సముద్ర స్నానాలకి వచ్చే జనంతో కాలు పెట్టే చోటు ఉండదు. మీ వారికి కారు ప్రయాణం ఇష్టమైతే సూర్యలంకని మరో శనివారానికి దాచుకోండి.

మే ఎందుకు వద్దంటున్నామంటే, ఆ నెలలో వైజాగ్‌లో థర్మామీటరు అంకె హైదరాబాదు కంటే తక్కువే ఉంటుంది. దాన్ని చూసి మోసపోకండి. గాలిలో తేమ ఎక్కువ కావడం వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. పొడి ఎండకి అలవాటైన హైదరాబాదు పిల్లలు రెండో రోజుకే నీరసపడిపోయేది అందుకే. ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిబంధన అది, మంచిదే. అయితే ఆ రెండు నెలలూ హోటళ్ళలో దొరికే సముద్రపు చేపలో ఎక్కువ భాగం ఐసులో నిల్వ ఉన్నదే. తాజా చేప తినాలని అంత దూరం వెళ్ళేవాళ్ళు ఆ రోజుల్లో వెళ్ళకపోవడమే మేలు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకింది వైజాగ్‌నే. జనవరికి ఆ బెడద తగ్గుతుంది, ఎండ ముప్ఫై డిగ్రీల లోపు ఉంటుంది, పొద్దున్నే పల్చటి స్వెట్టరు వేసుకుని ఇసుకలో కూర్చోవచ్చు.

జనవరిలోనూ సంక్రాంతి వారం వద్దు. ఆ వారం హైదరాబాదు సగం ఆంధ్రాకి కదులుతుంది. 22 రాత్రి బయల్దేరి 23 నుంచి 26 వరకు ఉండి, 26 రాత్రి రైలెక్కితే పిల్లలకి బడి పోయేది రెండు మూడు రోజులే.

రాత్రి రైలైతే మీ అత్తగారు పడుకుని వెళ్ళొచ్చు. వందే భారత్ వేగంగా వెళ్తుంది కానీ అది కూర్చునే బండి, ఎనిమిది గంటలకి పైగా మోకాళ్ళు మడిచి ఉంచాలి. ఆవిడకి కింది బెర్త్ తప్పనిసరి కాబట్టి ఒక కిటుకు చెబుతాం. సీనియర్ సిటిజన్ కోటాలో స్త్రీలకి 45 ఏళ్ళ నుంచే కింది బెర్త్ ఇస్తారు. కానీ ఆ టికెట్టు మీద అర్హత ఉన్న ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. ఇంటిల్లిపాదినీ ఒకే టికెట్టు మీద వేస్తే ఆ కోటా వర్తించదు, పై బెర్త్ వచ్చిందని తరవాత బాధపడతారు. ఆవిడ టికెట్టు విడిగా ఆ కోటాలో తీసి, వెంటనే మిగతావాళ్ళది అదే రైలుకి తీయండి. బోగీలు వేరైతే ఎవరితోనైనా మార్చుకుని ఆవిడ పక్కన మీలో ఒకరు పడుకోండి. బాబుకి పన్నెండు నిండలేదు గానీ బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీయే. ఐదేళ్ళ లోపు పాపకి బెర్త్ అడగకపోతే టికెట్టు అక్కర్లేదు. టికెట్టు తీసేటప్పుడు దిగే స్టేషను పేరు ఒకసారి చూసుకోండి. హౌరా వైపు వెళ్ళే కొన్ని బళ్ళు విశాఖపట్నం స్టేషనుకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్ళిపోతాయి. దువ్వాడలో దిగితే సామానుతో, ముసలావిడతో మళ్ళీ ఊళ్ళోకి రావాలి.

రాత్రి బళ్ళు తెల్లవారుజామున దింపుతాయి, హోటలువాళ్ళు గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకి. ప్రయాణం చెడేది ఎక్కువగా ఇక్కడే. నిద్ర లేని పిల్లలతో లాబీలో ఆరు గంటలు కూర్చుంటే ఆ రోజు పోయినట్టే. ఇరవై నాలుగు గంటల చెక్ అవుట్ ఉన్న హోటలు చూసుకోండి, లేదా ముందు రాత్రి నుంచే గది తీసుకోండి. ఒక రాత్రి అద్దె ఎక్కువైనా అది దండగ కాదు.

ఇక హోటలు. బీచికి ఎదురుగా ఉందా అని కాక ఫోన్ చేసి ఇవి అడగండి: లిఫ్టు గది ఉన్న అంతస్తు దాకా వస్తుందా, లిఫ్టు ముందు మెట్లు ఎన్ని? చాలా చోట్ల లిఫ్టు ఉంటుంది, దాని దగ్గరికి చేరడానికే ఆరు మెట్లుంటాయి. బాత్రూంలో వెస్టర్న్ కమోడ్ ఉందా, పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా? కరెంటు పోతే లిఫ్టు, ఏసీ జనరేటరు మీద నడుస్తాయా? బాల్కనీ ఉంటే ఫొటో పంపమనండి. కడ్డీల మధ్య సందు నాలుగు అంగుళాలకి మించితే నాలుగేళ్ళ పిల్ల ఉన్నవాళ్ళకి ఆ గది వద్దు. బాల్కనీలో కుర్చీ ఉంటే దాన్ని లోపలికి లాగించండి, పిల్లలు దాన్నే నిచ్చెన చేసుకుంటారు. బీచ్ రోడ్డుకి ఎదురు గది దొరికితే మీ అత్తగారు కిటికీలోంచే సముద్రం చూస్తూ కూర్చుంటారు కాబట్టి ఆ డబ్బు పెట్టడం సబబే. లేకపోతే ఒక వీధి వెనక తీసుకుని మిగిలిన డబ్బుతో నాలుగు రోజులకీ కారు మాట్లాడుకోండి. బుకింగ్ సైట్లలోని ఫొటోల్లో బీచి పక్కనే ఉన్నట్టు కనిపించే హోటళ్ళకీ ఇసుకకీ మధ్య నాలుగు వరసల రోడ్డుండొచ్చు. మ్యాపులో ఒకసారి కొలుచుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, పిల్లల్ని నీళ్ళలోకి దింపొచ్చా. దింపొచ్చు, పాపని పిక్కల దాకా, బాబుని మోకాళ్ళ దాకా. అంతకు మించి ఒక్క అడుగు కూడా వద్దు. రామకృష్ణ బీచిలో అసలే వద్దు. అక్కడ తీరం ఒక్కసారిగా లోతవుతుంది, నీళ్ళ కింద బండలున్నాయి, అల వెనక్కి లాగే బలం ఎక్కువ. ఆ బీచి చూడటానికి, నడవడానికి. యారాడ ఎంతో అందంగా ఉంటుంది, అక్కడ లాగుడు అంతకంటే ఎక్కువ. నీళ్ళాటకి రుషికొండ వెళ్ళండి. రామకృష్ణ బీచి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచి, స్నానానికి హద్దులు పెట్టిన చోటు ఉంటుంది, లైఫ్‌గార్డులు ఉంటారు. ఆ హద్దు లోపలే ఉండండి. లైఫ్‌గార్డు విజిల్ వేస్తే ఎందుకని అడక్కుండా బయటికి రండి.

నీళ్ళ దగ్గరికి వెళ్ళగానే చెప్పులు విప్పేయకండి. గట్టు మీద, ఎత్తైన ఇసుకలో పది నిమిషాలు నిలబడి చూడండి. అలలన్నీ ఒకే వరసలో విరుగుతూ తెల్లటి నురగ కడుతున్నాయా? మధ్యలో ఎక్కడైనా నురగ లేకుండా, ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపించే సందు ఉందా? చూడ్డానికి స్నానానికి అదే మంచి చోటనిపిస్తుంది. అదే ప్రమాదం. ఒడ్డుకి కొట్టిన నీళ్ళన్నీ వెనక్కి వెళ్ళడానికి దారి వెతుక్కుంటాయి, ఇసుక తిన్నెల మధ్య ఆ లోతైన సందులోంచి కాలువలా పారిపోతాయి. అందుకే అక్కడ అలలు విరగవు. ఇసుక కలిసిన గోధుమ రంగు నీళ్ళు, నురగ ముక్కలు లోపలికి కొట్టుకుపోతూ కనిపిస్తే అది ఖాయంగా లాగుడు కాలువే. నదులు, వాగులు కలిసే చోట కూడా ఈ లాగుడు ఎక్కువ. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూడముచ్చటగా ఉంటుంది, కానీ పిల్లల్ని అక్కడ నీళ్ళలో దింపకండి.

ఆ లాగుడులో ఎవరైనా చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, గజ ఈతగాడైనా అలసిపోతాడు. తీరానికి సమాంతరంగా పక్కకి ఈదితే ఆ కాలువ వెడల్పు దాటి బయటపడతారు. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంటనే దూకకూడదు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయే ప్రమాదాలు ఇలాగే జరుగుతాయి. లైఫ్‌గార్డుని పిలిచి, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యానో, తాడో విసరండి. 112కి ఫోన్ చేయండి. బయటికి తీసిన మనిషి పొట్ట నొక్కి నీళ్ళు కక్కించే ప్రయత్నం చేయకండి. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఊదుతూ, ఛాతీ నొక్కుతూ 108 వచ్చేదాకా ఆపకుండా ఉండాలి. నీళ్ళు మింగి తేరుకున్న పిల్లవాడు ఆ తరవాత గంటల్లో దగ్గుతూనే ఉన్నా, ఆయాసపడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

లోతులేని చోట మనుషులు ఎందుకు పడిపోతారో కూడా తెలుసుకోండి. అల వెనక్కి పోతున్నప్పుడు ముందుగా మడమల కింది ఇసుకని లాక్కుపోతుంది, వేళ్ళ కిందిది కాసేపు నిలబడుతుంది. మడమ కుంగుతుంది, మనిషి వెనక్కి తూలుతాడు, సరిగ్గా అప్పుడే తరవాతి అల వస్తుంది. అందుకే ఒకే చోట నిలబడకుండా అడుగు మార్చుకుంటూ ఉండాలి, సముద్రానికి వీపు పెట్టకూడదు. ఫొటో కోసం వెనక్కి తిరగమని పిల్లలకి చెప్పనే చెప్పకండి. అలలు గుంపులుగా వస్తాయి, అయిదారు చిన్నవి వచ్చాక ఒకటి రెండు పెద్దవి వస్తాయి. పాపని వేలు పట్టుకుని కాదు, మణికట్టు దగ్గర పట్టుకోండి. తడిసిన వేళ్ళు జారిపోతాయి. గాలి ఊదిన ట్యూబులు, బొమ్మ పడవలు ఇంట్లో వదిలి రండి. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, ట్యూబులో ఉన్న పిల్లని నిమిషాల్లో లోపలికి తోసేస్తుంది.

ఎవరు చూస్తున్నారో పేరు పెట్టి చెప్పుకోండి. ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళున్నా ప్రతివారూ మిగతావాళ్ళు చూస్తున్నారనుకుంటారు. ఇరవై నిమిషాలు మీరు, ఇరవై నిమిషాలు మీ వారు, ఆ సమయంలో ఫోన్ సంచిలో. పిల్లలకి నారింజ, ఎరుపు, గులాబి రంగుల బట్టలు వేయండి. నీలం, ఆకుపచ్చ, తెలుపు నీళ్ళలో కలిసిపోయి కనపడవు. మీరు చున్నీ తీసి పెట్టి, పల్చటి లెగ్గింగ్స్‌తో దిగండి. తడిసిన జీన్స్, చీర కుచ్చెళ్ళు కాళ్ళకి చుట్టుకుని లేవనివ్వవు.

గోడ మీద క్యాలెండరులో తిథి చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, ఆ తరవాత ఒకటి రెండు రోజులు పోటు హెచ్చుగా ఉంటుంది, ఇసుక మీద నిన్న కూర్చున్న చోటికి ఈరోజు నీళ్ళొస్తాయి. పోటు వచ్చే వేళ రోజురోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. దేశమంతటికీ అలల ఎత్తు, సునామీ హెచ్చరికలు చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది మీకు దగ్గర్లోనే, ప్రగతినగర్‌లో. బయల్దేరే ముందు, ఆ తరవాత రోజూ పొద్దున వాళ్ళ వెబ్‌సైటులో విశాఖ తీరానికి పెద్ద అలల హెచ్చరిక ఉందేమో చూడండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎక్కడో దూరాన పుట్టిన తుపాను అలలు మన తీరానికి వస్తాయి. ఎండ కాస్తోంది కదా అని ఆ హెచ్చరికని తీసిపారేయకండి.

మీ అత్తగారిని ఇసుకలో దూరం నడిపించకండి. పొడి ఇసుకలో అడుగు దిగబడి మోకాలు మెలిక తిరుగుతుంది. తడి ఇసుక గట్టిగా ఉంటుంది గానీ అక్కడ అలల భయం. బీచ్ రోడ్డు వెంట నడవడానికి చదునైన కాలిబాట, కూర్చోవడానికి గట్టు ఉన్నాయి. ఆవిడకి సముద్రాన్ని దగ్గరగా చూడాలనుంటే ప్లాస్టిక్ కుర్చీ వేసి, దాని నాలుగు కాళ్ళ కింద ఒక చెక్కో మందపాటి అట్టో పరవండి. లేకపోతే ఆవిడ కూర్చోగానే ఒక కాలు కుంగి కుర్చీ పక్కకి ఒరుగుతుంది. తడి గుర్తు ఎక్కడిదాకా ఉందో చూసి దానికి పది అడుగులు పైనే వేయండి.

బంగాళాఖాతంలో సూర్యుడు ఉదయిస్తాడు, అస్తమించడు. సముద్రంలోకి దిగే సూర్యుణ్ణి చూపిస్తామని పిల్లలకి మాటివ్వకండి. జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో, కాబట్టి పసిపిల్లని మరీ ముందు లేపక్కర్లేదు. సాయంత్రం నాలుగు దాటితే ఎండ మెత్తబడుతుంది.

మొదటి రోజు నీళ్ళ జోలికి పోకుండా నిద్రపోనిచ్చి, సాయంత్రం బీచ్ రోడ్డు చూపించండి. రెండో రోజు పొద్దున రుషికొండ, తొమ్మిదిన్నరకల్లా గదికి. ఆ సాయంత్రం కుర్సురా జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన అసలు సబ్‌మెరైన్ అది, 2002 నుంచి ఇసుక మీదే మ్యూజియంగా ఉంది. మీ బాబు ఈ ప్రయాణంలో ఎన్నటికీ మరిచిపోనిది అదే అవుతుంది. లోపల చాలా ఇరుకు, ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారాల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. మీ అత్తగారిని బయటే ఉంచండి, మీలో ఒకరు పాపతో ఆవిడ దగ్గర కూర్చోండి. రోడ్డుకి అవతలే నౌకాదళం వాడిన టీయూ-142 విమానం ఉంది. సోమవారం సెలవని గుర్తుంచుకోండి. మూడో రోజు కారులో తీరం వెంట భీమిలి. దారిలో ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌస్. దిబ్బల్లోకి బాబూ నాన్నా దిగి చూసొస్తే, ఆవిడకి కారు కిటికీలోంచే సముద్రం కనపడుతుంది. నాలుగో రోజు పొద్దున్నే సింహాచలం, కొండపైదాకా బండి వెళ్తుంది. ఎండ ఎక్కకముందే కిందికి దిగి, సాయంత్రం కైలాసగిరి మీద పిల్లలకి టాయ్ ట్రైను, రాత్రి బండి. అరకు నూటపది కిలోమీటర్ల పైమాట. పొద్దున రైలుకి దాదాపు నాలుగు గంటలు పడుతుంది, ఆ దారిలోని బొర్రా గుహల్లో మెట్లే మెట్లు. నాలుగు రోజుల్లో దాన్ని ఇరికిస్తే ఒక రోజంతా ప్రయాణానికే పోతుంది, ఆ మెట్లు మీ అత్తగారి వల్ల కావు.

తిండి విషయంలో ఒక్కటే. హైదరాబాదులో వంజరం అని కొనేదాన్ని అక్కడ కోనేం అంటారు. ఫిషింగ్ హార్బరు దగ్గరో హోటల్లోనో చేప ఎంచుకునేటప్పుడు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా తడిగా ఉండాలి. కన్ను ఉబ్బి మెరవాలి, వేలితో నొక్కిన చోటు వెంటనే పైకి లేవాలి. వండించే ముందే తూకమూ ధరా మాట్లాడుకోండి. బీచి బజ్జీలు పిల్లలకి మొదటి రోజు వద్దు, కడుపు చెడితే మిగతా మూడు రోజులూ పోతాయి.

సామానులో సన్‌స్క్రీన్ మరవకండి, ఎండలోకి వెళ్ళడానికి ఇరవై నిమిషాల ముందు రాయాలి. పెద్దవాళ్ళకి ఒళ్ళంతటికీ సుమారు ముప్ఫై మిల్లీలీటర్లు పడుతుంది, చాలామంది రాసేది అందులో పావు నుంచి సగం దాకానే. రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్లు నాలుగు. ఒక్కోటి సరిగ్గా లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసుడు నీళ్ళలో కలిపితే మేలు కంటే కీడే ఎక్కువ. పిల్లలకి బెల్టు ఉన్న చెప్పులు తప్పకుండా, ఇసుకలో సీసా పెంకులు, గాలాలు ఉంటాయి. కారులో ఐదు లీటర్ల మంచినీళ్ళ క్యాను ఒకటి ఉంచుకోండి, ఉప్పునీళ్ళు ఆరిపోతే పసిపిల్లల తొడలు ఒరుసుకుని మండుతాయి. పాప కాళ్ళకి అంటిన ఇసుక తడిగా ఉండగా తుడిస్తే చర్మం గీసుకుంటుంది. ఆరనిచ్చి కాస్త పౌడరు కాళ్ళ మీద మాత్రమే చల్లి చేత్తో దులిపితే జలజలా రాలిపోతుంది. జెల్లీఫిష్ తగిలి మంటగా ఉంటే రుద్దకండి, మంచినీళ్ళు పోయకండి, సముద్రపు నీళ్ళతోనే కడిగి డాక్టరుకి చూపించండి.

రిజర్వేషను ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు. జనవరి 22 రాత్రి బండికి నవంబరు 23 ఉదయం 8 గంటలకి, 26 రాత్రి తిరుగు ప్రయాణానికి నవంబరు 27న తెరుస్తారు. రెండు తేదీలూ ఇవాళే ఫోనులో అలారం పెట్టుకోండి. ముందు మీ అత్తగారి టికెట్టు తీయండి.